మస్తాన్ మాస్టారి రెండో తుమ్ము

మొన్న పొద్దున కింది వాటాలో ఎవరో పచ్చడికి ఎండుమిరపకాయలు వేయిస్తున్నారు. మూకుడు మరీ కాగినట్టుంది, ఆ ఘాటు మెట్లెక్కి వచ్చి రెండో అంతస్తులో ఉన్న మా వంటింట్లో దూరింది. పప్పు కలుపుతున్నదాన్ని కళ్ళు మూసుకుని, నోరు తెరుచుకుని, క్షణం అలాగే నిలబడిపోయి, ఇల్లదిరేలా తుమ్మాను. ఒక్కటే తుమ్ము. ముందుగదిలో పేపరు చదువుతున్న మా చెల్లెలు "ఒంటి తుమ్మే అక్కా, ఇంకోటి తుమ్ము" అని కేకేసింది. ఒంగోలులో ఈ ఫ్లాటులో మేమిద్దరమే ఉంటాం. ఇద్దరం రిటైరైన పంతులమ్మలమే. పిల్లలకు సైన్సు పాఠం చెప్పిన మనిషైనా సరే, మా చెల్లెలికి ఒంటి తుమ్ము వింటే మాత్రం కాలు కదలదు. మా వైపు అందరి నమ్మకమూ అదే. ఒక్క తుమ్ము అపశకునం, వెంటనే రెండోది వస్తే దోషం పోయినట్టే. నాకు రెండోది రాలేదు. కానీ నా కుడిచెయ్యి గరిటె వదిలేసి గట్టుమీద రెండు దెబ్బలు కొట్టింది. ఎక్కడినుంచో క్లారినెట్ 'టీ-టీ' అని పలుకుతుందేమోనని చెవి ఎదురుచూసింది. పలికించే మనిషి పోయి ఎన్నేళ్ళయిందో, అయినా ఈ చెవికి ఆశ చావదు.

ఆ మనిషి పేరు మస్తాన్ మాస్టారు. అరవైల్లో చిలకలూరిపేటలో పెళ్ళిళ్ళ బ్యాండు మేళం నడిపేవాడు. సన్నగా, పొడుగ్గా, ఎర్రపట్టీ కుట్టిన తెల్ల కోటు వేసుకుని మేళం ముందు నడుస్తుంటే ఆయన చేతిలోని క్లారినెట్ ఆయనకు చుట్టంలా ఉండేది. చదువు నాలుగో తరగతి. పాట మాత్రం ఒక్కసారి వింటే చాలు, సాయంత్రానికి వేళ్ళమీద ఉండేది. నాకు సంగీతం చెప్పింది ఆయనే. ఉద్యోగంలోకి తోసిందీ ఆయనే. నాకున్న భయాల్లో ఒక పెద్ద భయాన్ని పీకి పారేసిందీ ఆయనే. అదెలా జరిగిందో చెప్పాలంటే ముందు మిరపకాయల గోడౌను సంగతి చెప్పాలి.

మా నాన్న పోయిన ఏడాది నేను స్కూలు ఫైనలు పాసై ఇంట్లో కూర్చున్నాను. అమ్మ వెంట పేటలో ఒక కమీషను కొట్టు గోడౌనుకు ముచ్చికలు తీసే పనికి వెళ్ళేదాన్ని. ముచ్చికంటే మిరపకాయ తొడిమ. రోజంతా బారుగా కూర్చుని ఒక్కో కాయకూ తొడిమ గిల్లి పడేయడమే పని. పత్తి చేలో అయితే ఆడవాళ్ళు పాడుకుంటూ తీస్తారు. మిరపకాయల దగ్గర నోరు విప్పితే దగ్గే, అందుకని అందరం మూతికి గుడ్డ కట్టుకుని మౌనవ్రతం పట్టినట్టు ఉండేవాళ్ళం. నాకేమో నోరు ఊరుకునేది కాదు. గుడ్డ వెనకాలే ఏదో ఒకటి కూనిరాగం తీసేదాన్ని. ఒకరోజు పెళ్ళి ఊరేగింపు ముగించుకున్న మేళంవాళ్ళు ఎండకు ఆగలేక మా గోడౌను పంచలో కూర్చున్నారు. కాసేపటికి మాస్టారు గుమ్మంలోకి తొంగిచూసి "ఆ పాడేదెవరమ్మా?" అన్నాడు. కొట్టు యజమాని పంపాడేమోనని గబుక్కున తల వంచి ముచ్చికలు గిల్లసాగాను. పక్కనున్న వాళ్ళంతా ఏమాత్రం దయ లేకుండా నావైపు వేలు చూపించారు.

"మూతికి గుడ్డ కట్టుకునే ఇంత వినపడితే, గుడ్డ తీస్తే ఊరంతా వినపడుద్ది గదమ్మాయ్" అన్నాడు మాస్టారు. "నాకో పాటుంది. పాడతావా?"

నేను నోరు తెరిచేలోపే మా అమ్మ లేచి నిలబడింది. "ఆడపిల్ల బ్యాండు మేళంలో పాడటమేంది మాస్టారూ! నలుగురూ ఏమనుకుంటారు?"

"మేళంలో కాదమ్మా. వీధిలో కాదు, పెళ్ళిలో కాదు. నాలుగ్గోడల మధ్య ఒక్కసారి పాడితే చాలు. మైకుసెట్టు సాంబయ్య టేపు రికార్డరు కొన్నాడు. దాంట్లోకెక్కిద్దాం. నువ్వూ వచ్చి పక్కనే కూర్చో, ఎవరొద్దన్నారు?"

అమ్మ చీరకంటిన ముచ్చికలు దులుపుకుంది. చివరికి "కూర్చుంటానంటే కూర్చుంటా మరి, మధ్యలో లెమ్మంటే లెగవను" అంది. ఆ మాట అక్షరాలా నిలబెట్టుకుంది కూడా.

మాస్టారికి ఆ తొందర ఎందుకో నాకు వారం తర్వాత తెలిసింది. వాళ్ళింటి అరుగుమీద పాట నేర్చుకుంటున్నాం. ఆయన ఊదుతూ ఊదుతూ ఆగి, క్లారినెట్ పక్కన పెట్టి, పైవరసలో ముందుపళ్ళు రెండింటినీ వేలితో కదిపి చూపించాడు. రెండూ ఊగుతున్నాయి. క్లారినెట్ పీకమీద పైపళ్ళు ఆనించకపోతే పట్టు దొరకదు, పట్టు లేకపోతే నాదం లేదు. గుంటూరులో పంటి డాక్టరు అన్నీ తీసెయ్యాలన్నాడట, వచ్చే నెల రమ్మన్నాడట. "కిళ్ళీ ముట్టను, చుట్ట ముట్టను. అయినా ఈ రెండూ నా మాట వినలా" అని నవ్వాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఏడుపొచ్చింది. "ఇరవై ఏళ్ళబట్టీ సినిమా పాటలే వాయిస్తన్నానమ్మాయ్. అన్నీ అద్దె కొంపలే. పళ్ళు పోయేలోపు ఒక్క పాట సొంతిల్లులా కట్టుకుంటే చాలు. ఆ తర్వాత ఊదకపోయినా పరవాలేదు. నా ఊపిరి ఒకచోట ఉందిలే అనుకుంటా."

ఆయన పాట అంటే ఏ విరహమో వేదాంతమో అనుకున్నాను. కాదు. మహా హుషారు పాట. బాణీ ఆయనకు పత్తి మిల్లు పక్కన బస్సుకోసం నిలబడి ఉన్నప్పుడు తట్టిందట. లోపల యంత్రం ఒక దరువు వేస్తుంటే, బయట బస్సు ఆపకుండా పోయిందట, దాని వెనక పరిగెత్తుతుంటే బాణీ పూర్తయిందట. మాటలు మాత్రం నన్నే కట్టమన్నాడు. ముచ్చికలు గిల్లుతూ మూడు రోజుల్లో కట్టాను. పల్లవి ఇదీ:

ఎర్ర బస్సు వస్తోంది, ఎదురెళ్ళు చిన్నోడా
చెయ్యెత్తితే ఆగదూ, చొక్కా ఊపు చిన్నోడా

ఇది విని మా అమ్మ "ఇదేం పాటే, కండక్టరు తిట్టినట్టుంది" అంది. మాస్టారు మాత్రం పిల్లాడిలా ఎగిరి గంతేశాడు. కానీ పాఠం దగ్గర గంతులు లేవు. నా అరచేతిలో ఇంత పత్తి పింజ పెట్టి, నోటికి దగ్గరగా పట్టుకుని పాడమనేవాడు. పింజ ఎగిరిపోకూడదు, మాట మాత్రం వీధి చివరకు వినపడాలి. ఊపిరి పారబోయకుండా పాడటమంటే అదే. మొదటి రెండు రోజులూ పింజలు ఏరుకోవడానికే సరిపోయింది. మధ్యలో తప్పు పోతే నాకు ఠక్కున ఆగిపోయి నాలుక్కరుచుకునే అలవాటు. ఆగినప్పుడల్లా ఆయన చిరాకుపడేవాడు. "తప్పు పోతే ఎవరికీ తెలవదమ్మాయ్, ఆగితేనే తెలుస్తది. పెళ్ళికొడుకు గుర్రం బెదిరినా మేళం ఆగుద్దా?" అనేవాడు. నేను తలూపి, మళ్ళీ తప్పు పోగానే మళ్ళీ ఆగేదాన్ని.

ఇక రికార్డు చేసే చోటు. సాంబయ్య కొట్టులో చూశాం, జట్కాల గంటలు. మాస్టారి ఇంట్లో చూశాం, పక్కింటి రోకటి పోటు. "ఒరేయ్ మస్తానూ, గోడలు మోగని గది కావాల్రా, లేకపోతే పాట నూతిలోంచి వచ్చినట్టుంటది" అని సాంబయ్య తల పట్టుకున్నాడు. అప్పుడు తెలివితక్కువగా నోరు జారింది నేనే. "మా గోడౌను ఉందిగా మాస్టారూ. నాలుగు వైపులా టిక్కీలే. ఎంత అరిచినా గొంతు బయటికి పోదు" అన్నాను. టిక్కీలంటే మిరపకాయల బస్తాలు. సాంబయ్య వచ్చి చప్పట్లు కొట్టి చూసి, బ్రహ్మాండం అన్నాడు. అమావాస్యనాడు కొట్లన్నీ మూస్తారు కాబట్టి, యజమానిని అడిగి ఆ మధ్యాహ్నానికి తాళంచెవి తీసుకున్నాం. పుష్యమాసం అమావాస్య. మాస్టారు గుంటూరు వెళ్ళాల్సిన రోజుకు ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి.

మాకెవరికీ తట్టని సంగతి ఒకటుంది. టిక్కీ కదలనంతసేపూ మిరపకాయ మంచిదే. మేం రోజూ ఆ ఘాటులోనే బతికేవాళ్ళం, అది ఒకటుందనే మాకు గుర్తుండదు. ఆ గోడౌనులో కాటా తూకం వేశారు, కునుకు తీశారు, ఒకసారి పంచాయితీ కూడా పెట్టారు కానీ, డ్రమ్ము మాత్రం ఎవరూ వాయించలేదు. మేళంలో పెద్ద డ్రమ్ము కొట్టే ఏసోబు గట్టి పనివాడే, మనిషి రెండు మూటల బరువుంటాడు. సాంబయ్య తన దగ్గరున్న ఒకే ఒక్క ఖాళీ టేపు స్పూలు మిషనుకు ఎక్కించాడు. అమ్మ ఒక బస్తామీద కూర్చుని కొంగు సర్దుకుంది. నేను మూతి గుడ్డ తీసి మైకు ముందు నిలబడ్డాను. మొదటిసారి రెండో చరణంలో ఏసోబు చేతిలో కర్ర జారింది. సాంబయ్య టేపు వెనక్కి తిప్పాడు. ఆ సగం పాటకే డ్రమ్ము దెబ్బలకు టిక్కీలన్నీ అదిరి, కంటికి కనపడని కారం గదంతా లేచిందని మాకెవరికీ తెలియదు.

రెండోసారి మాస్టారు కళ్ళు మూసుకుని ఎత్తుకున్నాడు. అంత బాగా ఆయన ఊదగా నేను ముందెప్పుడూ వినలేదు. పల్లవి నడిచింది, మొదటి చరణం నడిచింది, రెండోది నడిచింది. మూడో చరణానికి నా గొంతులో గరగర మొదలైంది. ఏసోబు కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, చెయ్యి మాత్రం ఆపలేదు. చివరి పల్లవికొచ్చాను. "చెయ్యెత్తితే ఆగదూ, చొక్కా ఊపు" అన్నాను. 'చిన్నోడా' అనాల్సిన చోట, ఎంత బిగబట్టినా ఆగక, తుమ్మేశాను. మామూలు తుమ్ము కాదు, మిషను ముల్లు చివరిదాకా ఎగిరిందని సాంబయ్య తర్వాత చెప్పాడు. ఆ వెంటనే రెండు డ్రమ్ము దెబ్బల మధ్య మా అమ్మ గొంతు స్పష్టంగా వినపడింది. "అయ్యో, ఒంటి తుమ్ము!"

నేను అలవాటు ప్రకారం ఆగిపోయాను. మాస్టారు ఆగలేదు. కళ్ళు తెరిచి అమ్మవైపు చూసి, నావైపు చూసి, క్లారినెట్‌ను పైకెత్తి 'టీ-టీ' అని రెండు స్వరాలు ఊదాడు. అచ్చం పిల్లిపిల్ల తుమ్మినట్టు. ఏసోబు దానికి దరువు అందించాడు. మాస్టారు కనుబొమ్మలతోనే పాడమన్నాడు. ఏం పాడానో తెలియదు, చివరిదాకా పాడాను. పాట అయిపోగానే అందరం గుమ్మంవైపు పరిగెత్తాం. దగ్గులు, తుమ్ములు, కన్నీళ్ళు. సాంబయ్య మిషనుకు కారం పడుతుందని దాన్ని ఒడిలో పెట్టుకుని బయటికి దూకాడు. నేను ఎండలో నిలబడి చూస్తే మాస్టారి చేతిరుమాలు నోటికి అడ్డంగా ఉంది. రుమాలుకు నెత్తురు. "మాస్టారూ, చెడగొట్టేశాను, క్షమించండి" అన్నాను. ఆయన నావైపు ఒక చూపు చూసి, వద్దన్నట్టు చెయ్యి ఊపి, ఒక్క మాటైనా మాట్లాడకుండా గబగబా ఇంటిదారి పట్టాడు.

ఆ చెయ్యి ఊపడం నాకు నెల రోజులు కళ్ళముందు ఆడింది. పాట పోయింది, ఆ నెత్తురు చూస్తే పన్నూ పోయినట్టే, రెండింటికీ కారణం నేనే. గోడౌను చెప్పింది నేను, తుమ్మింది నేను. ఆయన జీవితంలో ఒక్కటంటే ఒక్క పాట అడిగాడు, అందులో తుమ్మాను. నాలుగు రోజులకు మేళం వీధిలోంచి వెళుతుంటే చూశాను. ముందు నడుస్తూ క్లారినెట్ ఊదుతున్నది ఎవరో కొత్త మనిషి. ఇక ఆయనకు ముఖం చూపించలేననిపించింది. ఏసోబు రెండుసార్లు గోడౌనుకు వచ్చి "చెల్లెమ్మా, మాస్టారు పిలుస్తన్నాడు" అని కేకేస్తే టిక్కీల వెనక నక్కి కూర్చున్నాను, అమ్మ చేత లేనని చెప్పించాను. కూనిరాగం కూడా మానేశాను. మూతికి గుడ్డ గట్టిగా బిగించి కట్టుకునేదాన్ని. "ఏమే, నీ గొంతేమైందే?" అని పక్కవాళ్ళు అడిగితే జలుబన్నాను. నెల రోజుల జలుబు.

శివరాత్రి వచ్చింది. కోటప్పకొండ తిరునాళ్ళకు రానంటే అమ్మ రెక్క పుచ్చుకుని లాక్కెళ్ళింది. మిట్టమధ్యాహ్నం, కొండ కింద ఇసుక వేస్తే రాలనంత జనం. బళ్ళమీద కట్టిన ఎత్తైన ప్రభలు వస్తున్నాయి, ఎద్దుల గజ్జెలు మోగుతున్నాయి, నాలుగు వైపులా మైకులు నాలుగు రకాలుగా అరుస్తున్నాయి. చెరకుగడలు అమ్మేచోట ఉండగా నా నెత్తిమీద ఉన్న మైకులోంచి నా గొంతు వచ్చింది. ఎర్ర బస్సు వస్తోంది. పారిపోదామంటే ఎటు పోతాను, అన్ని గుంజలకూ మైకులే. మూడో చరణం దాటింది. చెవులు మూసుకున్నాను. వేళ్ళ సందుల్లోంచి వినపడనే వినపడింది నా తుమ్ము. ఆ వెంటనే, "అయ్యో, ఒంటి తుమ్ము!" అని మా అమ్మ. ఆ వెంటనే 'టీ-టీ'. జనం గొల్లుమన్నారు. ఎగతాళి నవ్వు కాదు. చెరకు నరుకుతున్న ముసలాయన కత్తి పక్కన పెట్టి మరీ నవ్వాడు. చంటిపిల్లను ఎత్తుకున్న ఒకామె ఆ పిల్ల ముక్కు పట్టుకుని 'టీ-టీ' అంది. అవతల నలుగురు పిల్లలు కలిసి దొంగ తుమ్ము తుమ్మి, 'టీ-టీ' అని అరిచి, మళ్ళీ పెట్టమని గోల. మా అమ్మ మాత్రం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని "ఓరి నాయనో, నేను మైకులో పడ్డానే" అని అక్కడే చతికిలబడింది.

సాంబయ్య మైకుసెట్టు పందిట్లో మాస్టారు పెట్టెమీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి నోరంతా తెరిచి నవ్వాడు. ముందు ఒక్క పన్నూ లేదు.

"ఏందమ్మాయ్, నెల్రోజులు యాడ దాక్కున్నావ్? కబురు మీద కబురు పంపితిని గదా!"

"పాట చెడగొట్టానని..." అన్నాను.

"చెడగొట్టావా? ఆ తుమ్ము కోసమే పొద్దుటి నుంచి ఏడుసార్లు పెట్టించారు ఈ పాట. విన్లా?"

"మరి ఆరోజు మీరు మాట్లాడకుండా వెళ్ళిపోయారు. చెయ్యి కూడా ఊపారు."

మాస్టారు నన్ను ఒక వెర్రిదాన్ని చూసినట్టు చూశాడు. "రెండో తుమ్ము ఊదేటప్పుడు పన్ను ఊడిందమ్మాయ్! పాట ఆపలేను గదా, దవడలోకి నెట్టి, పెదవి మడిచి ఊదా. అయ్యాక నోట్లో పన్ను పెట్టుకుని ఏం మాట్లాడేది? మాట్లాడితే యాడ మింగుతానో అని ఇంటిదాకా నోరు తెరవలా. నువ్వేమో క్షమించండీ క్షమించండీ అంటివి. ఏం లేదు పొమ్మని చెయ్యి ఊపా." సాంబయ్య పగలబడి నవ్వాడు. ఏసోబు డ్రమ్ముమీద పడి నవ్వాడు. నెల రోజులుగా నా గుండెమీద కూర్చున్న బస్తా ఎవరో దించేసినట్టయింది. నవ్వాను, ఏడ్చాను, ఏది ఎక్కడ ఆగిందో నాకే తెలియలేదు. "ఇంకోసారి పెట్టరా సాంబయ్యా" అన్నాడు మాస్టారు. ఈసారి చెవులు మూసుకోకుండా విన్నాను. తుమ్ము తర్వాత క్లారినెట్ నాదంలో సన్నటి గాలి కలిసి వస్తోంది, పన్ను లేని చోటినుంచి. ఆ చివరి పల్లవి అంత ముద్దుగా ఉండటానికి కారణం అదే.

ఆ తర్వాత నాలుగైదేళ్ళు ఆ పాట పల్నాడు నుంచి కనిగిరి దాకా సాంబయ్య మైకుసెట్టు వెళ్ళిన ప్రతి తిరునాళ్ళలోనూ మోగింది. పెళ్ళివారు బయలుదేరేటప్పుడు ఎవరైనా ఒక్క తుమ్ము తుమ్మితే, మేళంవాళ్ళు వెంటనే 'టీ-టీ' వాయించేవాళ్ళు, దోషం పోయిందని అందరూ నవ్వుకుంటూ కదిలేవాళ్ళు. మాస్టారు మళ్ళీ ఊదలేదు. కట్టుడు పళ్ళు పెట్టించుకున్నాడు కానీ, "ఇవి ముద్దకే పనికొస్తాయి, ముక్తాయింపుకి రావు" అనేవాడు. దిగులుగా మాత్రం అనలేదు. కుర్రకారుకు నేర్పుతూ కూర్చున్నాడు. నన్ను మాత్రం మిరపకాయల దగ్గర ఉండనివ్వలేదు. పంతులమ్మ ట్రైనింగుకు దరఖాస్తు తనే తెచ్చి, "నీకు పిల్లలు కావాలి, పిల్లలకి నీ గొంతు కావాలి" అని నింపించాడు. ముప్పై ఏళ్ళకు పైగా బడిలో పాటలు నేర్పాను. వార్షికోత్సవంలో స్టేజీమీద పాడుతూ ఏ పిల్లైనా మాట మర్చిపోయి బిక్కచచ్చి నిలబడితే, కింద నుంచి బల్లమీద రెండు దెబ్బలు కొట్టేదాన్ని. ఆగకు, నేనున్నాను, పద అని దానర్థం. పిల్లలకు తెలుసు. అరచేతిలో పత్తి పింజలు కూడా పెట్టాను.

ఆ స్పూలు ఇప్పుడు లేదు. వాడి వాడి తెగింది, అతికించారు, మళ్ళీ తెగింది. సాంబయ్య పోయాక కొట్టు మూశారు, మిషను ఎటుపోయిందో తెలియదు. మాస్టారు పోయేముందు చూడటానికి వెళితే, "నా ఊపిరి ఒకచోట ఉందిలే" అని మళ్ళీ అదే మాట అన్నాడు. అప్పటికే టేపు పోయిందని ఆయనకు చెప్పడానికి నోరు రాలేదు. ఆ మాట దాచినందుకు ఇన్నేళ్ళూ నాలో ఒక ముల్లు ఉండిపోయింది.

మొన్నటి సంగతి మొత్తం చెప్పలేదు కదూ. నేను తుమ్మాను, చెల్లెలు ఒంటి తుమ్మంది, నా చెయ్యి గట్టుమీద రెండు దెబ్బలు కొట్టింది. అప్పుడు మెట్లమీద నుంచి ఎవరో "టీ-టీ" అన్నారు. పరుగులాంటి నడకతో వెళ్ళి తలుపు తీశాను. మా అపార్టుమెంటు వాచ్‌మన్ చీపురుతో మెట్లు ఊడుస్తున్నాడు. మార్టూరు దగ్గర పల్లె అతనిది, యాభై దాటి ఉంటాయి. "ఇప్పుడు నువ్వేమన్నావయ్యా?" అన్నాను. కంగారుపడి చీపురు వెనక్కి దాచాడు.

"అయ్యో, మిమ్మల్నేమీ అన్లేదండి. మీరు తుమ్మారు గదా. ఒంటి తుమ్ము వినపడితే మా ఇంట్లో అట్టా అంటామండి. మా నాన్న అనేవోడు. ఇప్పుడు మా మనవరాలు కూడా అంటదండి."

"ఎందుకంటారో తెలుసా?"

"ఏమోనండి. తుమ్మితే అనాలంతే."

లోపలికి వచ్చి కుర్చీలో కూర్చున్నాను. "ఏమైందక్కా?" అంది చెల్లెలు. "ఏం లేదే, రెండో తుమ్ము వచ్చింది" అన్నాను. గొంతు సవరించుకుని, ఇన్నేళ్ళ తర్వాత, ఎర్ర బస్సు వస్తోంది అని ఎత్తుకున్నాను. మూడో చరణంలో రెండో పాదం నాకు గుర్తు రాలేదు. ఆగలేదు.